నారోబోట్ సెలవు: బోటు ఎక్కడ తిప్పాలి, నీళ్లు ఎక్కడ పట్టాలి, ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి

ఇంగ్లండ్‌లో ఉండే తెలుగు కుటుంబాలు స్కూలు సెలవుల్లో నారోబోట్ (కాలువల్లో నడిపే, లోపల ఇల్లులా ఉండే సన్నటి పొడవాటి బోటు) అద్దెకు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. బుకింగ్ అయిపోయాక అందరూ అడిగే ప్రశ్నలు మాత్రం రెండే. "బోటును వెనక్కి ఎలా తిప్పాలి?", "బాత్రూమ్ సంగతేంటి?" ఈ రెండింటికీ జవాబు తెలియకుండా రూటు వేసుకుంటే వారమంతా టెన్షనే.

ఉదాహరణకు లాంగోలెన్ కాలువను తీసుకున్నాను. చెషైర్‌లో హర్ల్‌స్టన్ దగ్గర మొదలై వేల్స్‌లోని లాంగోలెన్ దాకా వెళ్లే ఈ కాలువ మీద రద్దీ ఎక్కువ, మొదటిసారి వెళ్లేవాళ్లూ ఎక్కువే. పద్ధతి మాత్రం ఏ కాలువకైనా ఇదే. లాకులు (బోటును పై మట్టానికి ఎక్కించే, కింది మట్టానికి దించే గేట్ల తొట్లు) దాటడం ఎలాగో ఇక్కడ చెప్పడం లేదు, అది బోటు అద్దెకిచ్చే బోట్ యార్డ్ వాళ్లు మొదటిరోజే చేయించి చూపిస్తారు.

## 1. ముందు మీ బోటు పొడవు కనుక్కోండి

నారోబోట్ వెడల్పు 7 అడుగుల లోపే. పొడవు మాత్రం 30 అడుగుల నుంచి 70 అడుగుల దాకా ఉంటుంది. కాలువ వెడల్పు చాలాచోట్ల బోటు పొడవు కంటే తక్కువ. అంటే మీరు అనుకున్నచోట బోటు తిప్పలేరు. గట్టును ఒకవైపు త్రికోణంలా లోపలికి తవ్వి, ఇందుకోసమే కొన్ని చోట్లు ఉంచారు. వాటిని విండింగ్ హోల్ అంటారు.

ప్రతి విండింగ్ హోల్‌లో ప్రతి బోటూ పట్టదు. 50 అడుగుల బోటు హాయిగా తిరిగేచోట 70 అడుగులది అడ్డంగా ఇరుక్కుంటుంది. బుకింగ్ కాగితంలో "ఆరుగురికి" అని ఉంటే సరిపోదు, పొడవు ఎన్ని అడుగులో అడిగి రాసుకోండి.

నలుగురైదుగురు, అందులోనూ మొదటిసారి అయితే 45 నుంచి 58 అడుగుల మధ్య బోటు తీసుకోమంటాను. రెండు కుటుంబాలు కలిసి వెళ్లాలని 70 అడుగులది తీసుకుంటే మనిషికి ఖర్చు తగ్గుతుంది గానీ తిప్పుకునే చోట్లు కూడా తగ్గుతాయి.

## 2. మ్యాప్ మీద తిప్పే చోట్లు గుర్తు పెట్టుకోండి

కాలువల మ్యాప్ పుస్తకం ఒకటి బోటులో ఉంటుంది. దాని కోసం ఆగకండి, బయలుదేరడానికి వారం ముందే ఒకటి సంపాదించండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లోనూ మ్యాప్ ఉంటుంది.

ఈ వరుసలో చేయండి:

- మీ రూటు మీద ఉన్న విండింగ్ హోల్స్ అన్నిటి చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీయండి.
- పక్కన పొడవు పరిమితి రాసి ఉంటే మీ బోటు పొడవుతో పోల్చండి. చాలకపోతే కొట్టేయండి.
- రెండు కాలువలు కలిసే జంక్షన్లనూ గుర్తించండి. చాలా జంక్షన్లలో బోటు తిప్పుకోవచ్చు.
- మెరీనాలు (బోట్లు నిలిపి ఉంచే రేవులు) ప్రైవేటు ఆస్తి. లోపల తిప్పుకోవాలంటే ముందు ఫోన్ చేసి అడగాలి. మీ లెక్కలో వాటిని కలపకండి.
- ఒక్కో చోటు పక్కన దగ్గరి వంతెన నంబరు రాయండి.

వంతెన నంబరే కాలువ మీద మీ అడ్రసు. సాయం కోసం ఫోన్ చేసినా అదే అడుగుతారు. లాంగోలెన్ కాలువ మీద ఇక్కడో తిరకాసు ఉంది. ఫ్రాంక్టన్ జంక్షన్ దాటాక నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, చివర డబ్ల్యూ అక్షరం చేరుతుంది. 20వ నంబరు వంతెన ఒకటి, 20డబ్ల్యూ ఇంకొకటి. రెండింటి మధ్య చాలా మైళ్ల దూరం. డబ్ల్యూ రాసుకోవడం మర్చిపోతే సాయానికి వచ్చే మనిషి వేరే ఊరికి పోతాడు.

## 3. ఎక్కడ తిప్పాలో తేల్చాకే రోజులు పంచండి

చూడాల్సిన చోట్లు రాసుకుని, వాటి మధ్య రోజులు పంచడం మనకు అలవాటు. కాలువ మీద ఆ పద్ధతి పనికిరాదు. బోటు తిప్పే చోటును ముందు తేల్చుకుని, అక్కడి నుంచి ఇటూ అటూ లెక్క వేయాలి.

లెక్క సులువే. మైళ్లూ లాకులూ కలిపి కూడండి. గంటకు మూడు చొప్పున భాగించండి. కాలువ మీద వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. కట్టేసి ఉన్న బోట్ల పక్కన ఇంకా నెమ్మదిగా పోవాలి కాబట్టి అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

ఉదాహరణకు గ్రిండ్లీ బ్రూక్ లాకుల పైనుంచి లాంగోలెన్‌కు దాదాపు 32 మైళ్లు, మధ్యలో న్యూ మార్టన్ దగ్గర 2 లాకులు. మొత్తం 34. మూడుతో భాగిస్తే పదకొండు గంటల పైచిలుకు. దానికి రెండు మూడు గంటలు కలపండి. ఈ కాలువలో నీరు నిలిచి ఉండదు. డీ నది నుంచి తీసిన నీళ్లు లాంగోలెన్ వైపు నుంచి హర్ల్‌స్టన్ రిజర్వాయరుకు పారుతూ ఉంటాయి. వెళ్లేటప్పుడు ఎదురు ప్రవాహం, వచ్చేటప్పుడు అదే మీకు సాయం. మధ్యలో ఎత్తే వంతెనల దగ్గర కూడా ఆగాల్సి వస్తుంది.

రోజుకు ఆరేడు గంటలకు మించి నడపకండి. అద్దె బోట్లను చీకట్లో నడపనివ్వరు. అక్టోబరు సెలవుల్లో పొద్దు త్వరగా పోతుందని గుర్తుంచుకోండి.

సెలవులో సగం రోజులు గడిచేసరికి మీరు ఎక్కడున్నా, ఆ తర్వాత వచ్చే మొదటి విండింగ్ హోల్‌లో తిప్పేయండి. "ఇంకో మూడు మైళ్లే కదా" అని ముందుకు పోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. తర్వాతి విండింగ్ హోల్ మూడు మైళ్ల అవతల ఉంటే ఆ మూడు, మళ్లీ వెనక్కి మూడు, మొత్తం ఆరు మైళ్లు మీ నెత్తిన పడతాయి.

బయలుదేరే ముందురోజు ట్రస్ట్ వెబ్‌సైట్‌లో మూసివేత నోటీసులు చూడండి. చలికాలంలో మరమ్మతుల కోసం లాకులు మూస్తారు. ఎండాకాలం నీళ్లు తక్కువైతే లాకుల వేళలు కుదిస్తారు. మీ రూటులో మూసివేత ఉంటే, దానికి ముందున్న చివరి విండింగ్ హోల్ దగ్గరే మీ ప్రయాణం ఆగాలి.

## 4. బోటు తిప్పడం, మొదటి నుంచి చివరిదాకా

నారోబోట్‌కు స్టీరింగ్ ఉండదు. వెనక నిలబడి టిల్లర్ అనే కర్రతో చుక్కానిని తిప్పుతారు. టిల్లర్‌ను ఎడమకు నెడితే బోటు ముక్కు కుడికి తిరుగుతుంది. బోటు దాదాపు తన మధ్యభాగం మీద తిరుగుతుంది కాబట్టి ముక్కు ఒకవైపు పోతే వెనక భాగం రెండోవైపు ఊగుతుంది. వెనక్కి నడిపేటప్పుడు చుక్కాని పెద్దగా పనిచేయదు. ఈ మూడు విషయాలు అర్థమైతే మిగతాది ఓపిక మీద నడుస్తుంది.

చేరుకోక ముందు

- స్టవ్ మీద ఏమైనా ఉంటే ఆపేయండి. గట్టుకు తగిలినప్పుడు కుదుపు ఉంటుంది.
- పిల్లల్ని, పెద్దవాళ్లను లోపల కూర్చోబెట్టండి. బోటు పైకప్పు మీద ఎవరూ ఉండకూడదు.
- ఒకరిని ముందు భాగంలో నిలబెట్టండి. గట్టుకు ఎంత దూరం ఉందో చెప్పడమే అతని పని. చేయి, కాలు బయట పెట్టకూడదు.
- ముందూ వెనకా బోట్లు వస్తున్నాయేమో చూడండి. వస్తుంటే వాళ్లను పోనివ్వండి.

తిప్పే క్రమం

త్రికోణం మీ ఎడమవైపు ఉందనుకోండి.

1. చాలా ముందే వేగం తగ్గించి, ఇంజిన్‌ను కనిష్ఠ వేగంలో పెట్టండి.

2. ముక్కు త్రికోణం దగ్గరికి రాగానే టిల్లర్‌ను పూర్తిగా కుడికి నెట్టండి. ముక్కు ఎడమకు తిరిగి లోపలికి పోతుంది.

3. గట్టు ఇంకా కొన్ని అడుగుల దూరం ఉండగానే న్యూట్రల్ చేయండి. ముక్కు త్రికోణం కొసలో మెత్తగా ఆనాలి, ఢీకొట్టకూడదు. వేగం ఎక్కువనిపిస్తే కొంచెం రివర్స్ ఇచ్చి ఆపండి.

4. ముక్కు ఆనాక టిల్లర్‌ను కుడికే ఉంచి, కొంచెం ముందుకు పవర్ ఇవ్వండి. ముక్కు కదలదు కాబట్టి వెనక భాగం కాలువలో తిరగడం మొదలవుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. మొదటి అర నిమిషం ఏమీ జరగనట్టే అనిపిస్తుంది.

5. బోటు కాలువకు అడ్డం వచ్చి, ఇంకొంచెం దాటి, ముక్కు మీరు వచ్చిన దిక్కుకు మళ్లాక ఆపండి.

6. టిల్లర్‌ను మధ్యకు తెచ్చి గట్టిగా పట్టుకోండి. నెమ్మదిగా రివర్స్ ఇవ్వండి. రివర్స్‌లో నీటి ఒత్తిడికి టిల్లర్ ఒక్కసారిగా పక్కకు విసిరికొడుతుంది, దాని దారిలో ఎవరూ నిలబడకూడదు.

7. ముక్కు త్రికోణం నుంచి బయటికి రాగానే రివర్స్ ఆపండి. మళ్లీ టిల్లర్ కుడికి, పవర్ ముందుకు. బోటు సర్దుకుంటుంది. సరిపోకపోతే ఆరు, ఏడు మళ్లీ చేయండి.

త్రికోణం కుడివైపు ఉంటే అంతా తిరగేసి చదువుకోండి. ముందుకు పోయేటప్పుడల్లా టిల్లర్ త్రికోణానికి ఎదురువైపు ఉంటుంది.

అసలు ముక్కే ఎందుకు లోపలికి పోవాలి? ప్రొపెల్లరు, చుక్కాని వెనక ఉంటాయి. త్రికోణం కొసలో బురద, రాళ్లు, కొమ్మలు ఉంటాయి, లోతు తక్కువ. ప్రొపెల్లరు ఎప్పుడూ కాలువ మధ్యలో లోతు నీళ్లలోనే ఉండాలి. వెనక భాగాన్ని లోపలికి తోసి తిప్పాలని చూసేవాళ్లకు ప్రొపెల్లరు, చుక్కాని విరిగే ప్రమాదం ఉంది.

గాలి ఉన్నరోజు

వెనక నుంచి గాలి వస్తుంటే పై క్రమంలో 4వ పని సులువు, ఎందుకంటే వెనక భాగాన్ని గాలే ముందుకు తోస్తుంది. 7వ పనిలో మాత్రం ముక్కు ఎదురుగాలికి తిరగాలి కాబట్టి కష్టపడాలి. ఎదురుగాలి అయితే సరిగ్గా దీనికి తలకిందులు.

నీళ్ల ట్యాంకు సాధారణంగా ముందు భాగంలో ఉంటుంది. అది ఖాళీ అయ్యేకొద్దీ ముక్కు తేలికై పైకి లేస్తుంది, గాలి దాన్ని సులువుగా పక్కకు తోసేస్తుంది. గాలి రోజున తిప్పాల్సి వస్తే ముందు నీళ్లు నింపుకోవడం మంచిది.

గాలి మరీ ఎక్కువైతే గట్టుకు కట్టేసి టీ పెట్టుకోండి. సాయంత్రానికి తగ్గొచ్చు.

ఇరుక్కుంటే

- బురదలో ఆగిపోతే ముందుకు రేస్ చేయకండి, ఇంకా లోతుగా దిగబడుతుంది. వచ్చిన దారినే మెల్లగా రివర్స్ ఇవ్వండి.
- కదలకపోతే లోపలున్న అందరినీ ఆగిన వైపు కాకుండా రెండో వైపుకు పంపండి. బోటు కాస్త ఒరిగి వదులవుతుంది.
- తర్వాత గడతో గట్టును కాదు, కాలువ అడుగును నెట్టండి. గడను పొట్టకూ ఛాతీకీ ఆనించకండి.
- ఇంజిన్ శబ్దం మారి, బోటు కదలకపోతే ప్రొపెల్లరుకు ఏదో చుట్టుకుని ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళం చేతిలోకి తీసుకున్నాకే దాని పైమూత తెరవాలి. మళ్లీ మూత బిగుతుగా వేయకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే నీళ్లు లోపలికి వస్తాయి. మొదటిరోజు ఇది చూపించకపోతే మీరు తెరవకండి, యార్డ్‌కు ఫోన్ చేయండి.

బోటు బరువు టన్నుల్లో ఉంటుంది. గట్టుకు తగలకుండా కాలు అడ్డం పెట్టడం మనవాళ్లకు చేతనైన పనిలా కనిపిస్తుంది, ఎముక విరగడానికి ఒక్క క్షణం చాలు. తగిలితే తగలనివ్వండి. ఉక్కు బోటు, దానికేం కాదు.

## 5. నీళ్లు పట్టుకోవడం

మ్యాప్‌లో కుళాయి గుర్తు ఉన్నచోట నీళ్లు ఉచితం. రోజూ ఒకసారి నింపడం అలవాటు చేసుకోండి. ఖాళీ ట్యాంకు నిండడానికి గంట కూడా పడుతుంది, రోజూ నింపితే తక్కువ సేపే.

- గొట్టం తగిలించే ముందు కుళాయిని కాసేపు వదిలి పారనివ్వండి.
- గొట్టం కొస నేల మీదా కాలువలోనూ పడకుండా చూడండి.
- మూత మీద "వాటర్" అని చదివాకే గొట్టం పెట్టండి. డీజిల్ మూత, టాయిలెట్ ట్యాంకు మూత కూడా అలాగే ఉంటాయి. డీజిల్ ట్యాంకులో నీళ్లు పోస్తే సెలవు అక్కడితో అయిపోతుంది.
- నిండగానే కదలండి. కుళాయి దగ్గర బోటు కట్టి భోజనానికి కూర్చుంటే వెనక వచ్చేవాళ్లు ఊరుకోరు.

కొన్ని చోట్ల కుళాయి, చెత్త డబ్బాలు, షవర్లు తాళం వేసిన చిన్న గదిలో ఉంటాయి. వాటన్నిటికీ ట్రస్ట్ తాళం చెవి ఒక్కటే. అద్దె బోటులో ఆ చెవి ఇస్తారు. రెన్‌బరీలో ఎత్తే వంతెనకు కూడా అదే కావాలి. ఆ చెవికి తేలే బెండు ముక్క కట్టి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కాలువలో పడ్డ తాళం చెవి ఇక దొరకదు.

## 6. టాయిలెట్ సంగతి

ఎవరూ ముందుగా చెప్పరు గానీ మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన భాగం ఇదే.

బోట్లలో టాయిలెట్ రెండు రకాలు. ఒకటి పెద్ద ట్యాంకు ఉన్నది. బోట్ యార్డుల్లో డబ్బు కట్టి మిషన్‌తో తోడించాలి, దాన్ని పంప్ అవుట్ అంటారు. రెండోది క్యాసెట్, సూట్‌కేసులా బయటికి లాగి, ఎల్సాన్ పాయింట్ అనే చోట మీరే పారబోయాలి. మీది ఏ రకమో బుకింగ్ రోజే అడగండి.

వారానికి సరిపోతుందని యార్డ్ వాళ్లు చెప్పే లెక్క కాగితం వాడేవాళ్లది. మనం మగ్గుతో నీళ్లు వాడతాం. ఆ నీళ్లన్నీ అదే ట్యాంకులోకి పోతాయి. ఇద్దరు పెద్దవాళ్లు ఊరినుంచి వచ్చి ఉంటే వారం ట్యాంకు నాలుగో రోజుకే నిండినా ఆశ్చర్యం లేదు. సిగ్గుపడకుండా చేయాల్సినవి:

- పెద్ద మగ్గు తీసేసి, చిన్న గ్లాసో సీసానో పెట్టండి.
- వారం మధ్యలో ఒక పంప్ అవుట్ ముందే ప్లాన్ చేయండి. దారిలో ఉన్న యార్డుకు ఫోన్ చేసి వేళలు, ధర కనుక్కోండి. సాయంత్రాలు, ఆదివారాలు మూసి ఉండొచ్చు.
- క్యాసెట్ అయితే రెండు రోజులకోసారి ఖాళీ చేయాల్సి రావచ్చు. అదనపు క్యాసెట్ ఉందేమో అడిగి తీసుకోండి.
- తడి వైప్స్ ఒక్కటి కూడా లోపల వేయకండి. ట్యాంకు మూసుకుపోతే బాగుచేసే ఖర్చు మీదే కావచ్చు.

ఎల్సాన్ దగ్గర చేతులకు గ్లవ్స్ వేసుకుని, నెమ్మదిగా పోసి, అక్కడున్న గొట్టంతో క్యాసెట్ కడగాలి. తాగునీటి గొట్టాన్ని ఆ దరిదాపులకు తేకండి. కడిగాక యార్డ్ వాళ్లు ఇచ్చిన మందు కొలత ప్రకారం పోయండి.

## 7. వంటగది, కరెంటు

సింకులో, షవర్‌లో పోసిన నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి. అందుకే కూర గిన్నెలు, నూనె మూకుడు ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్త సంచిలో వేసి, తర్వాత కడగండి. మిగిలిన నూనె సీసాలో పట్టి చెత్త డబ్బా దాకా మోయాల్సిందే.

కరెంటు బ్యాటరీల నుంచి వస్తుంది. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, మిక్సీ పెడితే చాలా బోట్లలో ఇన్వర్టర్ ఆగిపోతుంది. గ్యాస్ మీద ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి. పచ్చళ్లు, పొడులు ఇంటి దగ్గరే రుబ్బుకుని తీసుకెళ్లండి. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి.

ఇతర బోట్ల దగ్గర కట్టేసి ఉంటే రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజిన్ నడపకూడదు. కాబట్టి ఫోన్లు పగలే ఛార్జ్ చేయాలి.

## 8. లాంగోలెన్ దారిలో ప్రత్యేకంగా

గ్రిండ్లీ బ్రూక్‌లో 6 లాకులు, అందులో 3 ఒకదానికొకటి అతుక్కుని మెట్లలా ఉంటాయి. సెలవుల్లో క్యూ ఉంటుంది. నీళ్లు, టాయిలెట్, చెత్త పనులు అక్కడే ముగించుకోండి. తర్వాత ఎల్స్‌మియర్‌లో మళ్లీ సౌకర్యాలు ఉంటాయి.

1805లో పూర్తయిన పోంట్‌కసుల్తే వంతెన మీద కాలువ 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున సాగుతుంది. ఒక్క బోటే పడుతుంది, ఒకవైపు రెయిలింగ్ కూడా ఉండదు. పిల్లలు లోపల ఉండాలి. దాన్ని దాటగానే వచ్చే ట్రెవర్ దగ్గర బోటు తిప్పుకోవచ్చు గానీ వేసవిలో అక్కడ సంతలా ఉంటుంది.

ట్రెవర్ నుంచి లాంగోలెన్ మధ్య కాలువ కొన్నిచోట్ల ఒక్క బోటు పట్టేంతే. ఎదురుగా బోటు వస్తే ఒకరు వెనక్కి పోవాలి, రివర్స్‌లో బోటు మాట వినదని చెప్పుకున్నాం. కాబట్టి ఇద్దరిని టోపాత్ (కాలువ గట్టు వెంట ఉండే కాలిబాట) మీద ముందుకు నడిపించి, దారి ఖాళీ అని ఫోన్ వచ్చాకే కదలండి. ప్రవాహం బలంగా ఉంటుంది, బోటు నడక వేగం కంటే నెమ్మదించినా కంగారు పడకండి.

పొడవైన బోట్లను లాంగోలెన్ బేసిన్‌లో (బోట్లు నిలిపే వెడల్పాటి చోటు) తిప్పాలి. అక్కడ నీళ్లు, కరెంటు ఉన్నాయి, రాత్రి ఉంటే అద్దె కట్టాలి. దాన్ని దాటి, డీ నది నీళ్లు కాలువలోకి మళ్లే హార్స్‌షూ ఫాల్స్ వైపు ఇంజిన్ బోట్లను వెళ్లనివ్వరు, ఆ చివరి రెండు మైళ్లూ నడిచి చూసి రండి.

## 9. రోజూ రాత్రి చూసుకోవాల్సినవి

- రేపు రాబోయే రెండు విండింగ్ హోల్స్, వాటి వంతెన నంబర్లు
- వెనక ఉన్న దగ్గరి విండింగ్ హోల్
- తర్వాతి కుళాయి ఎన్ని గంటల దూరం
- టాయిలెట్ ట్యాంకు లైటు ఏ రంగులో ఉంది, లేదా క్యాసెట్ బరువు
- చెత్త సంచులు ఎన్ని పోగుపడ్డాయి
- ట్రస్ట్ తాళం చెవి, లాకు తిప్పే హ్యాండిల్ రెండూ లోపలే ఉన్నాయా
- బోటు కట్టింది మామూలు గట్టుకేనా? విండింగ్ హోల్‌లో, కుళాయి దగ్గర, లాకు ముందు ఆగే చోట రాత్రి కట్టకూడదు
- తాళ్లు కట్టిన మేకులు గట్టిగా దిగాయా

చివరి రాత్రి యార్డుకు గంటన్నర దూరంలో ఆగండి. చాలా యార్డులు ఉదయం 9 ప్రాంతంలో బోటు తిరిగి అడుగుతాయి. ఆ రాత్రే సామాన్లు సర్దేసి, మ్యాప్ మీద మీరు గీసిన పెన్సిల్ గీతలు చెరపకుండా ఉంచండి, తర్వాత అద్దెకు తీసుకునేవాళ్లకు పనికొస్తాయి.